నక్షత్రోపాసకుడు వైను బప్పు

ఆకాశమున ఒక చుక్క మసకగా కనబడినచో అది దగ్గరనున్న చిన్న దీపమో, దూరమందున్న పెద్ద దీపమో కంటితో చెప్పజాలము. ఈ చిక్కును విడదీయుటకు దారి చూపిన వారిలో హైదరాబాదున పెరిగిన వైను బప్పు ఒకడు.

ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించెను. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసెను. అందుచే నక్షత్రములే బాలునికి నేస్తములయ్యెను. నిజాం కళాశాలలో చదువుచునే, కాంతి హెచ్చుతగ్గులగు చరనక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను. హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. 1949లో బాక్, న్యూకిర్కు అనువారితో కలిసి తోకచుక్కను కనుగొనగా, దానికి ఆ మువ్వురి పేర్లును పెట్టిరి. కొన్ని నక్షత్రముల వర్ణపటమందలి కాల్షియపు రేఖ వెడల్పును బట్టి వాని నిజప్రకాశము తెలియునని విల్సను, బప్పు 1957లో ప్రకటించిరి. నిజప్రకాశము తెలిసినచో దూరమును గణింపవచ్చును.

అప్పటికే ఆయన స్వదేశమునకు మరలియుండెను. ఇచట గొప్ప దూరదర్శినులు కరువు. 1960లో కొడైకనాలు వేధశాలకు అధిపతియై, నగరదీపములు సోకని కావలూరును తమిళనాడు కొండలలో ఎన్నుకొనెను. 1968లో చిన్న దూరదర్శినితో అచట పని మొదలయ్యెను. పిదప 234 సెంటీమీటర్ల అద్దముగల దూరదర్శినిని మనదేశమందే నిర్మింప బూనెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. కాని నిర్మాణము ముగియకమునుపే, 1982 ఆగస్టు 19న మ్యూనిచ్ నగరమున కన్నుమూసెను. 1986లో ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టిరి.

బాలలారా! బొంతపల్లి చెంత కర్మాగారముల వెలుగులో సన్నని చుక్కలు మరుగుపడినను, వేసవి రాత్రి వృశ్చికరాశిలోని ఎఱ్ఱని జ్యేష్ఠను చూడవచ్చును. దానిని చూచినపుడు, తాను చూడలేకపోయిన దూరదర్శినిని మనకిచ్చిన ఆ మహనీయుని తలచుకొనుడు.