మిస్సమ్మ దర్శకుడు, కంటాసుపత్రి దాత

ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్వీ ప్రసాద్‌కు చదువబ్బలేదు, బొంబాయి వెళ్లిపోయారు. ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’.. మూడు భాషల తొలి టాకీల్లోనూ వేషాలేశారు. ‘మిస్సమ్మ’ తీసిందీ ఆయనే. 1980ల్లో హైదరాబాద్‌లో కంటాసుపత్రి కట్టడానికి ఆ కుటుంబం స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1994లో ఆయన కన్నుమూశారు. భద్రాచలం అడవి పల్లెలకు దగ్గరగా, పాల్వంచలో ఆ సంస్థ అనుబంధ కేంద్రముంది.

ఇప్పుడు పెళ్లిచూపుల ముందు కళ్లద్దాలు వదిలించుకోవాలని లేజర్ కోసం తొందరపడేవారే ఎక్కువ! పద్దెనిమిదేళ్లు నిండాలి, ఏడాదిగా నంబరు మారకూడదు. కార్నియా పలుచగా ఉంటే లాసిక్ కుదరకపోవచ్చు. పొర కోయని పీఆర్‌కే, లేదంటే కంట్లో అమర్చే ఐసీఎల్ లెన్సు గురించి డాక్టర్‌ను అడగండి. కార్నియా స్కాన్ చేయకుండా తేదీ ఇస్తామంటే ఒప్పుకోవద్దు. లేజర్ చేయించుకున్నా, నలభై దాటాక పేపరు చదవడానికి చాలామందికి అద్దాలు కావాల్సిందే.