డాక్టర్ వచ్చేలోపు చేయాల్సింది నేర్పిన సర్జన్

డీఎస్సీలో సెలెక్ట్ అయ్యారనుకోండి. పోస్టింగ్ చింతూరు మండలంలోని ఓ ఆశ్రమ పాఠశాలలో. మారేడుమిల్లి ఘాట్ దిగి, శబరి ఒడ్డున ఉన్న ఆ ఊరు దాటి ఇంకా లోపలికి వెళ్లాలి. రాత్రి రెండింటికి తలుపు కొట్టి, ‘సార్, వీణ్ణి పాము కరిచింది’ అని పిల్లలు చెబితే ఏం చేస్తారు? బీఈడీ మార్కులు ఆ గంటలో పనికిరావు. చాలామంది చేసే మొదటి పని, టవలో తాడో తీసి కాలికి గట్టిగా బిగించడం. అది తప్పు. ఆ తప్పుకీ, ఇప్పుడు చెప్పబోయే పెద్దాయనకీ ఒక చిత్రమైన లింకు ఉంది.

ఆయన పేరు ఫ్రెడరిక్ ఎస్మార్క్. 1823లో ఉత్తర జర్మనీలోని టోనింగ్ అనే చిన్న రేవు పట్నంలో పుట్టారు. నాన్న డాక్టరు. కీల్, గొట్టింగెన్‌లలో మెడిసిన్ చదివారు. చదువు పూర్తయ్యీ కాకముందే 1848లో డెన్మార్క్‌తో యుద్ధం వచ్చింది. వెళ్లారు, బందీగా చిక్కారు, విడుదలై మళ్లీ గాయపడ్డవాళ్ల మధ్యకే వచ్చారు. 1857 నాటికి కీల్ యూనివర్సిటీలో సర్జరీ ప్రొఫెసర్. తర్వాత మరో మూడు యుద్ధాలు చూశారు.

యుద్ధాల్లో ఆయనకు బాగా పట్టుబడ్డ విషయం ఒకటుంది. గాయపడ్డ మనిషి గతి చాలాసార్లు పెద్ద సర్జన్ చేతిలో ఉండదు, మొదట ఆ పక్కన నిలబడ్డవాడి చేతిలో ఉంటుంది. అందుకే 1869లో యుద్ధభూమిలో వేసే మొదటి కట్టు మీద ఓ చిన్న పుస్తకం రాశారు. మూడు మూలల గుడ్డ ఒకటి తయారు చేయించి, తలకెలా కట్టాలో, చేతికెలా కట్టాలో బొమ్మలు ఆ గుడ్డ మీదే అచ్చు వేయించారు. చదువు రాని సిపాయికి కూడా అర్థమయ్యేలా! ఎన్‌సీసీ, స్కౌట్స్‌లో చేసినవాళ్లు ఈ గుడ్డను పట్టుకునే ఉంటారు.

సర్జన్లలో ఆయనకు పేరు తెచ్చింది మాత్రం 1873 నాటి ఇంకో కట్టు. రబ్బరు పట్టీని కాలి వేళ్ల నుంచి పైకి చుట్టుకుంటూ వెళ్లి, రక్తాన్ని పైకి నెట్టి, పైన బిగిస్తారు. అప్పుడు రక్తం కారకుండా ఆపరేషన్ చేయొచ్చు. ఎముకల ఆపరేషన్లలో ఇవాళ్టికీ ఆయన పేరుతోనే వాడుతున్నారు.

ప్రొఫెసర్ పదవి, పేరు, రాచకుటుంబంలో పెళ్లి, అన్నీ వచ్చాయి. అక్కడితో ఆగిపోయినా ఎవరూ ఏమీ అనరు. 1881లో వైద్యుల మహాసభకి లండన్ వెళ్లారు. అక్కడ సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లు మామూలు జనానికి ప్రథమ చికిత్స నేర్పే క్లాసులు చూశారు. ఇంటికొచ్చి 1882లో కీల్‌లో అలాంటివే మొదలుపెట్టారు. బైబిల్ కథలో దారిన పోతూ ఆగి సాయం చేసినవాడి పేరు మీద వాటికి సమారిటన్ బడులని పేరు పెట్టారు. అప్పటికి ఆయనకు 59 ఏళ్లు.

తోటి డాక్టర్లలో కొందరికి ఇది నచ్చలేదు. అరకొర నేర్చుకుని నాటువైద్యులు పుట్టుకొస్తారని వాళ్ల భయం. ఆ భయం మరీ కొట్టిపారేసేదీ కాదు. అందుకే ఎస్మార్క్ గీత కచ్చితంగా గీశారు: డాక్టర్ చేతికి అందేదాకానే మన పని, ఆ తర్వాత పక్కకు తప్పుకోవాలి. ఐదు ఉపన్యాసాలుగా ఆయన రాసిన పుస్తకాన్ని అదే ఏడాది విక్టోరియా రాణి కూతురు హెలెనా ఇంగ్లిష్‌లోకి తెచ్చారు.

ఇప్పుడు మన పాము దగ్గరికి. కాలు నలిగి, రక్తం ధారగా కారుతూ, నొక్కినా ఆగనప్పుడు బిగించి కట్టడం ప్రాణం కాపాడుతుంది. పాముకాటుకు అదే కట్టు చెరుపు. రక్తం అందక కండ పాడవుతుంది, విప్పగానే విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం టైం పోగొట్టొద్దు. కడియం, పట్టీ ఉంటే వాపు రాకముందే తీసేయాలి. కాలు కదలకుండా స్కేలో కర్రో ఆనించి మెత్తగా కట్టాలి. పిల్లాణ్ణి నడిపించకుండా మోసుకెళ్లాలి. 108కి ఫోన్ చేయాలి, సిగ్నల్ లేకపోతే దొరికిన బండిలో ఎక్కించాలి. విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఉంటుంది. కోయ, కొండరెడ్డి పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలకి ఆ రాత్రి అమ్మా నాన్నా కూడా టీచరే.

అన్నట్టు, మన దగ్గర బస్సు కండక్టర్ లైసెన్సుకు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ అడుగుతారు. టీచరు పోస్టుకు బీఈడీ, టెట్ అడుగుతారు. ఎందుకిలా అంటే నా దగ్గర జవాబు లేదు. రిజల్ట్ కోసం ఎదురుచూసే ఖాళీలో జిల్లా రెడ్‌క్రాస్ శాఖలో కనుక్కోండి. ఎస్మార్క్ లండన్‌లో చూసిన ఆ సెయింట్ జాన్ సంస్థ మన దేశంలోనూ ఈ శిక్షణ ఇస్తుంది.

ఎస్మార్క్ 1908 ఫిబ్రవరిలో, 85వ ఏట, కీల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన మొదలుపెట్టిన క్లాసులు జర్మనీ అంతటా నడుస్తున్నాయి.