తోమా సమాధి చెప్పే సత్యం

చెన్నై సముద్రతీరాన, మైలాపూరులో, తెల్లని శిఖరంతో నిలిచిన శాంథోమ్ దేవాలయాన్ని మీలో కొందరు దర్శించే ఉంటారు. ఆ ఆలయం అడుగున ఒక సమాధి ఉంది. యేసుక్రీస్తు పన్నెండుమంది అపొస్తలులలో ఒకడైన తోమాను ఖననం చేసిన స్థలం అదేనని శతాబ్దాల విశ్వాసం. కానీ ఆయన అస్థికలలో అధికభాగం నేడు అక్కడ లేదు. అయినా ప్రార్థించేవారి రాక ఆగలేదు. ఎందుకో తెలియాలంటే తోమా జీవితాన్ని ఒకసారి స్మరించుకోవాలి.

తోమా అన్న పేరుకు అరామిక్ భాషలో కవల అని అర్థం. అదే అర్థంతో గ్రీకులో ఆయనను దిదుమ అన్నారు. యోహాను సువార్తలో ఆయన మొదట కనిపించేది అవిశ్వాసిగా కాదు, సాహసిగా. లాజరు మరణించాడని తెలిసి ప్రభువు యూదయకు బయలుదేరినప్పుడు, అక్కడ రాళ్లతో కొట్టి చంపజూసినవారున్నారని శిష్యులు వెనుకాడారు. ప్రభువుతోపాటు మనమూ మరణిద్దాం రమ్మని తోటివారిని పిలిచినవాడు తోమాయే. కడరాత్రి భోజన సమయంలో, ప్రభువు వెళ్లే చోటు తమకు తెలియనప్పుడు దారి ఎలా తెలుస్తుందని అడిగినవాడూ ఆయనే. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించడం ఆయనకు చేతకాదు.

పునరుత్థానుడైన ప్రభువు శిష్యులకు కనిపించిన సాయంకాలం తోమా అక్కడ లేడు. మేకుల గాయాలను, ఈటె దిగిన ప్రక్కను స్వయంగా తాకితే తప్ప నమ్మలేనని నిష్కర్షగా చెప్పాడు. ఎనిమిది దినాల తరువాత ప్రభువు మళ్లీ వచ్చాడు. తన గాయాలను తాకమని తోమానే ఆహ్వానించాడు. ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. తోమా తాకినట్టు సువార్తలో ఎక్కడా లేదు. ఆయన యేసును తన ప్రభువుగా, తన దేవునిగా ఒప్పుకున్నాడని మాత్రమే ఉంది. చూడకుండానే నమ్మేవారు ధన్యులని ప్రభువు అప్పుడు చెప్పాడు.

క్రీస్తుశకం 52లో తోమా నేటి కేరళలోని కొడుంగల్లూరు ప్రాంతంలో ఓడ దిగి, ఏడు సంఘాలను స్థాపించాడని అక్కడి సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం. దీనికి సమకాలీన శాసనాధారమేదీ లేదు. తరతరాల స్మృతే ఆధారం. 3వ శతాబ్దికి చెందిన తోమా కార్యములు అనే సిరియాక్ గ్రంథం మాత్రం ఆయనను గొండోఫారిస్ రాజు కొలువుకు చేరుస్తుంది. ఆ రాజు కల్పితపాత్ర అనుకున్నవారున్నారు. 19వ శతాబ్దిలో నాణేలు బయటపడ్డాకనే, ఆ పేరుగల రాజు వాయవ్య భారతాన్ని నిజంగా ఏలాడని తేలింది.

72లో నేటి సెయింట్ థామస్ మౌంట్‌పై ఈటె పోటుకు ఆయన హతుడయ్యాడని, మైలాపూరులో ఖననమయ్యాడని సంప్రదాయం చెబుతుంది. ప్రభువు ప్రక్కలోని ఈటె గాయాన్ని తాకాలని కోరినవాడు చివరకు అదే గాయాన్ని తన దేహంపై ధరించాడు. బేతనియ దారిలో ఆడిన మాట ఆ కొండపై నెరవేరింది.

ఇక అస్థికల యాత్ర. వాటిని ఎడెస్సా నగరానికి తరలించారు. అది నేటి టర్కీలోని ఉర్ఫా. 4వ శతాబ్దిలో సిరియా భక్తకవి ఎఫ్రేము వాటిని కీర్తించాడు. 1144లో ఎడెస్సా ముస్లిం సేనల వశమైంది. తరువాత అస్థికలు గ్రీకు ద్వీపమైన కియోస్‌లో ఉండగా, 1258లో ఇటలీలోని ఓర్తోనా నావికులు తమ ఊరికి తీసుకువెళ్లారు. నేటికీ అక్కడే పూజలందుకుంటున్నాయి. 1953లో అందులో ఒక ఎముక భాగం కొడుంగల్లూరుకు తిరిగి వచ్చింది.

మైలాపూరు సమాధి మాత్రం నిరాదరణ పొందలేదు. 13వ శతాబ్ది చివర ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో, క్రైస్తవులే కాక ముస్లింలు కూడా ఆ స్థలాన్ని గౌరవిస్తారని, అక్కడి మట్టిని రోగులకు ఔషధంగా ఇస్తారని తెలిపాడు. నేటి ఆలయ నిర్మాణం 1896లో పూర్తయింది.

సంఘ పంచాంగంలోనూ తోమాకు ఒక్క స్థానమే లేదు. పాశ్చాత్య సంఘం ఆయన పండుగను శతాబ్దాలపాటు డిసెంబరు 21న, ఆగమనకాలపు చివరి దినాల్లో, ఏడాదిలో దీర్ఘమైన రాత్రి వచ్చే వేళ జరిపింది. 1969లో కతోలిక సంఘం దాన్ని జూలై 3కు మార్చింది. అస్థికలు ఎడెస్సా చేరిన స్మృతిగా సిరియన్ సంఘాలు అనాదిగా పాటిస్తున్న దినమది. కేరళలో దాన్ని దుక్రానా, అంటే స్మరణ, అంటారు. ఇక ఈస్టర్ తరువాతి ఆదివారం ఆయన సందేహపు ఘట్టాన్ని ఆలయాలలో చదువుతారు. ప్రాచ్య సంఘాలు ఆ దినాన్ని తోమా ఆదివారమనే పిలుస్తాయి. పునరుత్థాన సంబరం ముగియకముందే సంఘం మన ముందు నిలిపేది, నమ్మలేకపోయిన శిష్యుణ్ని.

మీ మనసులోనూ సందేహం ఉండవచ్చు. దానికి సిగ్గుపడకండి. తోమా సందేహించాడు గాని తోటి శిష్యులను విడిచిపోలేదు. ఆ గదిలోనే ఉన్నాడు కనుకనే ప్రభువును కలుసుకున్నాడు. గాయాన్ని చూస్తేగాని నమ్మనన్నవాని సమాధి వద్ద, అస్థికలు కానరాకపోయినా లక్షలమంది మోకరిస్తున్నారు. చూడక నమ్మే ధన్యత ఎలాంటిదో ఆ సమాధే నేడు మనకు బోధిస్తోంది.