సొంత గడప కోసం సాగిన పోరును నాటకంగా మలచిన లోరైన్ హాన్స్‌బెర్రీ

పర్సుడీహ్ (జంషెడ్‌పూర్): నల్లజాతి కుటుంబాన్ని దాని ఇరుకు వంటగదితో, తగాదాలతో, ఆశలతో సహా అమెరికా ప్రధాన రంగస్థలంపై నిలబెట్టిన రచయిత్రి లోరైన్ హాన్స్‌బెర్రీ. ఆమె జీవించినది 34 ఏళ్లు మాత్రమే. అయినా ఆమె రచించిన 'ఎ రైజిన్ ఇన్ ది సన్' నాటకం నేటికీ పునఃప్రదర్శితమవుతూనే ఉంది. చివరి దృశ్యంలో కుటుంబం కొత్త ఇంటికి బయలుదేరడం విజయమా, లేక ప్రమాదంలోకి వేసిన అడుగా అన్న ప్రశ్న ప్రతి దర్శకునికీ ఎదురవుతుంది. దానికి సమాధానం రచయిత్రి బాల్యంలోనే ఉంది.

లోరైన్ 1930 మే 19న చికాగోలో జన్మించారు. నలుగురు సంతానంలో ఆమె చివరివారు. తండ్రి కార్ల్ హాన్స్‌బెర్రీ స్థిరాస్తి వ్యాపారి, తల్లి నానీ ఉపాధ్యాయురాలు. ఆ రోజుల్లో అనేక ప్రాంతాల్లో నల్లవారికి ఇళ్లు అమ్మరాదని శ్వేతజాతి యజమానులు తమలో తాము ఒప్పందాలు రాసుకునేవారు. అటువంటి ప్రాంతంలోనే 1937లో కార్ల్ ఇల్లు కొన్నారు. అల్లరిమూక ఇంటిని చుట్టుముట్టింది. లోపలికి విసిరిన ఇటుక ఏడేళ్ల లోరైన్‌కు తృటిలో తప్పింది. తల్లి రాత్రివేళ పిస్తోలు చేతబట్టి పిల్లలకు కాపలా కాసేవారు.

వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1940లో కార్ల్ గెలిచారు. అయితే పాత వ్యాజ్యంలోని తీర్పు ఆయనకు వర్తించదన్న సాంకేతిక కారణంపైనే ఆ విజయం లభించింది. అటువంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని తేలడానికి 1948 వరకు ఆగవలసి వచ్చింది. అప్పటికి కార్ల్ జీవించి లేరు. అమెరికాపై విశ్వాసం సడలి, కుటుంబాన్ని మెక్సికోకు తరలించే ప్రయత్నంలో ఉండగా 1946లో అక్కడే మరణించారు.

లోరైన్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివి, 1950లో న్యూయార్క్ చేరుకున్నారు. గాయకుడు పాల్ రాబ్సన్ స్థాపించిన 'ఫ్రీడమ్' పత్రికలో పనిచేశారు. 1953లో రాబర్ట్ నెమిరాఫ్‌ను వివాహమాడారు. ఆయన భాగస్వామిగా రాసిన ఒక పాట ప్రజాదరణ పొందడంతో, ఆమె ఉద్యోగాలు మాని పూర్తిగా రచనకే అంకితమయ్యారు.

1959 మార్చి 11న 'ఎ రైజిన్ ఇన్ ది సన్' బ్రాడ్‌వేలో తెరలేచింది. నల్లజాతి మహిళ రాసిన నాటకం అక్కడ ప్రదర్శితం కావడం అదే ప్రథమం. లాయిడ్ రిచర్డ్స్ దర్శకత్వంలో సిడ్నీ పాయిటియర్, రూబీ డీ నటించారు. 530 ప్రదర్శనలు జరిగాయి. న్యూయార్క్ నాటక విమర్శకుల పురస్కారం లభించింది. ఇంటి పెద్ద మరణంతో వచ్చే 10 వేల డాలర్ల బీమా సొమ్ము చుట్టూ కథ నడుస్తుంది. తల్లి శ్వేతజాతీయుల పేటలో ఇంటికి బయానా ఇస్తుంది. మిగిలిన సొమ్మును కుమారుడు మోసగాని చేతిలో పెట్టి పోగొడతాడు. రావద్దంటూ, అందుకు డబ్బు ఇస్తామంటూ పేట ప్రతినిధి వస్తాడు. చివరికి ఆ కుమారుడే అతన్ని తిప్పి పంపుతాడు.

తొలి ప్రదర్శనలో కొన్ని ఘట్టాలు తొలగించారు. శ్వేతజాతీయుల పేటలో నల్లవారి ఇంటిపై బాంబు వేశారన్న వార్తను పొరుగింటామె మోసుకువచ్చే దృశ్యం వాటిలో ముఖ్యమైనది. అది లేకపోవడంతో, ముగింపును చాలామంది సుఖాంతంగానే స్వీకరించారు. 1980ల దశకంలోని పునఃప్రదర్శనల్లో ఆ ఘట్టాలు తిరిగి చేరాయి. దానితో నాటకానికి రచయిత్రి ఉద్దేశించిన భయం, బరువు తిరిగి వచ్చాయి. 2004లో బ్రాడ్‌వే ప్రదర్శనకు గాను ఫిలీషియా రషాద్‌కు టోనీ పురస్కారం దక్కింది. 2014లో డెంజెల్ వాషింగ్టన్ నటించిన ప్రదర్శన ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ అందుకుంది.

క్లోమ క్యాన్సర్‌తో 1965 జనవరి 12న లోరైన్ కన్నుమూశారు. ఆమె రెండో బ్రాడ్‌వే నాటకం 'ది సైన్ ఇన్ సిడ్నీ బ్రస్టీన్స్ విండో' కూడా అదే రోజుతో ముగిసింది. మిగిలిపోయిన రచనలను నెమిరాఫ్ సంకలనం చేసి వెలుగులోకి తెచ్చారు.

ఉపాధి కోసం తరలివచ్చి, కర్మాగారం క్వార్టర్లలో ఏళ్లు గడిపి, పదవీ విరమణ సొమ్ముతో సొంత గడప వెతుక్కునే జంషెడ్‌పూర్ తెలుగు కుటుంబాలకు, బీమా సొమ్ముపై ఆ ఇంట్లో జరిగే వాదన పరాయిదిగా తోచదు. సొమ్ము చేతిలో ఉన్నా పుట్టుకను బట్టి ఇల్లు నిరాకరించడం మన దేశంలోనూ తెలియనిది కాదు. ఈ నాటకాన్ని తెలుగు వేదికపైకి తేదలచినవారు ఆ తొలగించిన దృశ్యాన్ని మాత్రం విడిచిపెట్టరాదు.