కాటన్ దొర చూపించిన లెక్క

ఐఓటీ, బిజినెస్ ఇంటెలిజెన్స్ అనగానే మనకి సెన్సర్లు, క్లౌడ్, రంగురంగుల డ్యాష్‌బోర్డు గుర్తొస్తాయి. ఇవేవీ లేని రోజుల్లో చెల్లాచెదురుగా ఉన్న అంకెల్ని ఒకచోట చేర్చి, ఒక కంపెనీ చేత డబ్బు ఖర్చు పెట్టించిన మనిషి విగ్రహం మన గోదావరి జిల్లాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ కంపెనీ పేరు ఈస్టిండియా కంపెనీ.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండులో పుట్టారు. 1821లో మద్రాసు వచ్చేనాటికి ఆయన వయసు పద్దెనిమిది, అంటే మన ఫస్టియర్ కుర్రాడంత. కావేరి మీద పనిచేస్తూ చోళుల నాటి కల్లణైని చూసి, ఇసుక నేలలో కూడా ఆనకట్ట నిలబడుతుందని తెలుసుకున్నారు. ఆ చదువే ఇక్కడ పనికొచ్చింది.

అప్పటి రాజమండ్రి జిల్లా చితికిపోయి ఉంది. 1832-33లో కరువు, 1839లో కోరంగి వైపు ఉప్పెన. 1821లో సుమారు 7.38 లక్షలున్న జనాభా 1841కి 5.61 లక్షలకి పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లు వదిలి పోయారు. పక్కనే గోదావరి నీళ్లు సముద్రంలోకి పోతూనే ఉన్నాయి.

విచిత్రం ఏంటంటే, డేటా అంతా అప్పటికే ఉంది. జనాభా లెక్కలున్నాయి, ఏటేటా జమాబందీలో తేలిన శిస్తు లెక్కలున్నాయి. కానీ దేని కట్ట దానిదే. 1844, 1845ల్లో కాటన్ రాసిన నివేదికలు వీటికి ఇంకో రకం అంకెల్ని జతచేశాయి: నేల మట్టాలు. డెల్టాలో నది మిట్ట మీద నడుస్తుంది. గట్టు నుంచి దూరం పోయేకొద్దీ నేల పల్లమవుతుంది, సముద్రం వైపూ వాలుతుంది. కాబట్టి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టాన్ని కాస్త పైకెత్తితే చాలు, కాలువల్లో నీళ్లు వాటంతటవే పారతాయి. నీళ్లందితే శిస్తు ఎంత పెరగొచ్చో చెప్పడానికి, నీటి వసతి ఉన్న తంజావూరుతో పోల్చి చూపించారు.

చదివేది కంపెనీ కాబట్టి లాభం భాషలో చెప్పారు. మనుషుల చావు కదిలించని వాళ్లని శిస్తు తగ్గుదల కదిలించిందన్నది మింగుడుపడని మాటే. కానీ మంజూరు వచ్చింది.

1847లో పని మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం: లంకల మధ్య నాలుగు ముక్కలుగా ఆనకట్ట లేచింది. కూలీల్ని కూడగట్టి పని నడిపించడంలో వీణెం వీరన్న గారి పాత్ర చాలా పెద్దది. విగ్రహాల లెక్కలో మాత్రం ఆయన బాగా వెనకబడ్డారు.

కాటన్ గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం తర్వాతి కథే ఆసక్తిగా అనిపిస్తుంది. డెల్టాలో గెలిచిన లెక్క మీద నమ్మకంతో ఆయన తుంగభద్ర నీళ్లని కర్నూలు, కడప మీదుగా పారించే కాలువని గట్టిగా సమర్థించారు. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ దాన్ని తవ్వింది. కానీ అక్కడిది నల్లరేగడి. మెట్ట పంటలకి అలవాటుపడ్డ రైతులు అనుకున్నంతగా నీళ్లు తీసుకోలేదు. కంపెనీ నష్టాల్లో మునిగి, 1882లో ప్రభుత్వమే కాలువని కొనుక్కోవాల్సి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, ఒకచోటి డేటాతో ట్రెయిన్ చేసిన మోడల్‌ని వేరే నేల మీద వాడేశారు.

1861లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. 1878లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, నీటిపారుదల ఖర్చుల మీద పార్లమెంటు కమిటీ ముందు ప్రశ్నలు ఎదుర్కొన్నారు. రైళ్ల కన్నా కాలువలే మేలని చివరిదాకా వాదించి, 1899లో కన్నుమూశారు.

ఇప్పుడు ధవళేశ్వరంలో ఆయన పేరుతో బ్యారేజీ ఉంది. ఎగువ నీటిమట్టాలు గంటగంటకీ వస్తుంటాయి. అన్ని రీడింగుల్లోంచి లంక ఊళ్లకి చేరేవి మూడే అంకెలు: 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది వచ్చిందంటే ఇంట్లో సామాను, గేదెలు గట్టు మీదికి చేరాల్సిందే.