బంతియాటకు పంతులు: సయ్యద్ అబ్దుల్ రహీం

చదువు చెప్పువానికి ఆటతో పనియేమని తలంచువారు నేటికిని మన పాఠశాలలలో కలరు. అట్టివారు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితమును ఒకమారు పరిశీలించుట మంచిది. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణపతకము గెలిచిన భారత జట్లను తీర్చిదిద్దినది ఈ హైదరాబాదు బడిపంతులే.

ఆయన 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, అచ్చటి జట్టులోను, పిదప కమర్ క్లబ్బులోను ఆడెను. కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలుగా నగరములోని పలు బడులలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. తరువాత వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలో ఆటల బాధ్యత వహించెను.

మైదానమునను ఆయనది బడిపంతులు పద్ధతియే. లెక్కలలో వెనుకబడిన బాలునిచే లెక్కలే ఎక్కువగా చేయించునట్లు, ఎడమకాలు చురుకుగా లేనివానిచే ఆ కాలితోనే ఆడించెను. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టెను. బంతిని తనయొద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగిడరాదని మరికొన్ని పోటీలు. వినుటకు పిల్లలాటవలె తోచును గాని, బంతిని వెంటనే తోడివానికందించు హైదరాబాదు ఆటగాండ్ర నేర్పునకు ఇదియే పునాది. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను.

కొంపల్లికి ఆగ్నేయమున కొన్ని మైళ్ల దూరములోనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేద బాలుడుండెను. సాధనకై నగరమునకు పోవుటకు అతనియొద్ద డబ్బు లేదు. రహీం అతనికి అద్దె సైకిలుకు డబ్బిచ్చెను. ఆ బలరామే 1956, 1960 ఒలింపిక్సులలోను, 1962 ఆసియా క్రీడలలోను దేశము పక్షమున ఆడెను.

1952 హెల్సింకీ ఒలింపిక్సులో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్సుతో ఓడెను. మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. అధికారులు పిదప బూట్లను తప్పనిసరి చేసిరి. తప్పంతయు వట్టికాళ్లపై మోపి ఊరకుండుట సులభమే. రహీం ఊరకుండలేదు. ఆ క్రీడలలో స్వర్ణము గెలిచిన హంగేరీవారి తీరును గమనించి, ముందువరుస నడిమి ఆటగానిని కొంత వెనుకకు దించి ఆడించు పద్ధతిని మన జట్టున ప్రవేశపెట్టెను. నాలుగేండ్లకు మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టు మనదాయెను. పతకము మాత్రము చేజారినది. నాలుగవ స్థానము దక్కినది.

ఆయన సామర్థ్యమునకు అసలు పరీక్ష జకార్తాలో జరిగెను. అప్పటికే కాన్సరు ఆయన దేహమును తినివేయుచుండెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియాతో 2-0 ఓటమి. థాయిలాండుపై గెలిచిన ఆటలో, వెనుకవరుసకు కోటవంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. ఇది చాలదన్నట్లు, ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులను రానీయకపోవుటను భారతీయ క్రీడాధికారి సోంధీ ఆక్షేపించినందున, అచ్చటి ప్రజలు మనవారిపై మండిపడుచుండిరి.

రహీం గాయపడిన జర్నైలును విడువలేదు. వెనుకవరుస నుండి ముందువరుసకు మార్చెను. తలకు కుట్లు పడినవానిని గోలు చేయుటకు నిలుపుట తెగువయో, తెలివియో ఆటకు ముందు ఎవరు చెప్పగలరు? అతడు సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై గోలు చేసెను. సెప్టెంబరు 4న ఫైనలులో మరల దక్షిణ కొరియాయే ఎదురుపడగా, అందును ఒక గోలు చేసెను. మరియొకటి ప్రదీప్ కుమార్ బెనర్జీది. జ్వరపీడితుడైన తంగరాజు ఆనాడు గోలు కాచెను. లక్షమందికి దగ్గరగా జనము గేలిచేయుచుండగా మనవారు 2-1తో గెలిచిరి.

తరువాతి సంవత్సరము జూన్ 11వ తేదీన రహీం కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. భారత జట్టునకు 1970 ఆసియా క్రీడలలో కాంస్యము లభించినది గాని, స్వర్ణము జకార్తా తరువాత నేటివరకు రాలేదు.