రక్తపరీక్షకు బాట వేసిన యల్లాప్రగడ సుబ్బారావు

పోర్ట్ బ్లెయిర్‌గా పేరుపడిన శ్రీ విజయపురానికీ చెన్నైకీ మధ్య సుమారు 1,360 కిలోమీటర్ల సముద్రం ఉంది. అండమాన్ నికోబార్ దీవుల్లో ఎవరికైనా గుండెపోటు వస్తే, అక్కడే ఉంచి చికిత్స చేయాలా, ప్రధాన భూభాగానికి తరలించాలా అన్నది ప్రాణంతో ముడిపడిన నిర్ణయం. ఈసీజీతో పాటు ఆ నిర్ణయానికి తోడ్పడేది రక్తపరీక్ష. గుండె కండరం ఎంత దెబ్బతిన్నదో, రోగికి ముందున్న ముప్పు ఎంతటిదో రక్తంలోని కొన్ని పదార్థాల పరిమాణం సూచిస్తుంది. ఈ పరీక్షల వెనుక ఉన్న జీవరసాయన శాస్త్రానికి పునాదులు వేసిన వారిలో తెలుగు వైద్య శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో మూడో ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ వ్యాధితో ఇద్దరు సోదరులు రోజుల వ్యవధిలో మరణించడం ఆయన్ను పరిశోధన వైపు మళ్లించింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ చేయూతతో 1922లో అమెరికా చేరుకున్నారు.

పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూనే హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నమూనాకు రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. ఆ రంగు గాఢతను బట్టి భాస్వరం ఎంత ఉన్నదో లెక్కగట్టవచ్చు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో స్థిరపడింది.

అదే కొలతతో ఇద్దరూ కండరాన్ని పరిశీలించి, శక్తి నిల్వగా పనిచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించారు. ఏ.టి.పి.పై వారి పరిశోధన 1929లో వెలువడింది. ఈ రెండింటి మధ్య ఫాస్ఫేటును చేరవేసే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. గుండె కండర కణాలు చనిపోయినప్పుడు అది రక్తంలోకి చేరుతుంది.

హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి దక్కకపోవడంతో సుబ్బారావు 1940లో లెడర్లే సంస్థలో చేరారు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, బాలల రక్తక్యాన్సర్ చికిత్సకు దారిచూపిన ఔషధాలు, బోదకాలుకు డి.ఇ.సి. మందు ఆయన నాయకత్వంలోని బృందం సాధించినవే. నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో బోదకాలు నిర్మూలనకు ఇటీవలి కాలంలో ఉప్పులో కలిపి ఇచ్చినదీ ఈ డి.ఇ.సి.నే.

స్వదేశానికి తిరిగి రాకుండానే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. గుండెపోటును రక్తంలోని ఎంజైము ద్వారా గుర్తించవచ్చని న్యూయార్క్ వైద్యులు తొలిసారిగా ప్రకటించినది 1954లో, అంటే ఆయన మరణించిన ఆరేళ్లకు. 1960వ దశకంలో క్రియాటిన్ కైనేజ్ పరీక్ష ఆసుపత్రుల్లోకి వచ్చింది. 1990ల నుంచి దాని స్థానాన్ని క్రమంగా ట్రోపోనిన్ ఆక్రమించింది.

నేడు కొన్ని గంటల తేడాతో రక్తం తీసి ట్రోపోనిన్ పెరుగుదలను గమనిస్తారు. అది ఎంత ఎక్కువగా పెరిగితే నష్టం అంత ఎక్కువని భావిస్తారు. గుండె గోడలపై ఒత్తిడిని తెలిపే బి.ఎన్.పి. అధికంగా ఉంటే, మున్ముందు గుండె బలహీనపడే ముప్పు ఉన్నదని జాగ్రత్తపడతారు. అయితే ఈ అంకెలు రోగి తలరాతను తేల్చవు. వయసు, మూత్రపిండాల పనితీరు, ఈసీజీ వంటివాటితో కలిపి చూసినప్పుడే వాటికి అర్థం. ఎవరికి సత్వర చికిత్స అవసరమో ముందుగా తెలియడమే వాటి ప్రయోజనం. ప్రత్యేక వైద్యం సముద్రానికి ఆవల ఉన్న దీవుల్లో ఆ ముందస్తు సమాచారం విలువ మరింత ఎక్కువ. రక్తంలోని సూక్ష్మ పదార్థాన్ని అంకెల్లోకి తెచ్చేందుకు జీవితాన్ని అంకితం చేసిన సుబ్బారావుకు మాత్రం ఆ అవకాశం అందలేదు.